అనుభవజ్ఞుల పాఠశాలలు

బాలురకు బడి యుండుట వింత కాదు. యువకులకు కళాశాల యుండుట వింత కాదు. నలుబది యైదేండ్ల వయస్సువాడు, తన క్రింద నాలుగువందల మంది పనిచేయుచుండగా, ఇంటిలో పెండ్లియీడు పిల్ల యుండగా, పెట్టె సర్దుకొని పాఠశాలకు పోవుట మాత్రము కొంత వింతగనే తోచును. ఆయన నేర్చుకొనవలసిన దేమున్నది? నేర్పవలసినవా డెవడు? ఇరువది యేండ్లు బ్యాంకు నడిపినవానికి బ్యాంకు నడపుట ఎట్లో చెప్పగలవాడు బ్యాంకు బయట దొరకునా? ఈ ప్రశ్నలకు హైదరాబాదు నగరమున రెండు చోట్ల రెండు విధములైన సమాధానములు వెదకబడినవి. ఒకటి హుసేనుసాగరము ఒడ్డున నున్న బెల్లావిస్టా సౌధమున, రెండవది యూసఫుగూడలో. రెండింటి చరిత్రయు తెలుగువారికి దగ్గరదే యైనను, మన ఇండ్లలో దానిని గూర్చిన ప్రసంగము తక్కువ.

అధికారము చేయబోవువారికి చదువు చెప్పవలెనన్న ఆలోచన మన దేశమునకు కొత్త కాదు. చెన్నపట్టణమున 1812లో సెంటు జార్జి కోట కళాశాల నెలకొల్పబడినది. కంపెనీ కొలువులో క్రొత్తగా చేరిన ఆంగ్ల యువకులు అక్కడ తెలుగు, తమిళము మొదలగు దేశభాషలు నేర్చి, పరీక్ష నిచ్చి, పిదప జిల్లాలకు పోవుచుండిరి. 1817లో ఓడ దిగిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగక్షరములు దిద్దినది ఆ కళాశాలలోనే. ఆ తరువాతి కాలమున సివిలు సర్వీసుకై ఎన్నియో పరీక్షలు, శిక్షణలు ఏర్పడినవి. కాని అవన్నియు ప్రారంభకుల కొరకే. కలెక్టరైన పిదప ఎవరును ఎవరికిని పాఠము చెప్పెడివారు కారు. పెద్ద పదవిలోనివాడు నేర్చుకొనుచుండినది తన పొరపాట్ల వలన, తన పైవాని కోపము వలన, తన క్రిందివాని ఓర్పు వలన మాత్రమే. ఆ మూడింటి ఖరీదును ఎవరు చెల్లించుచుండిరో చెప్పనక్కరలేదు. కచ్చేరి వరండాలో అర్జీ పట్టుకొని నిలుచుండిన రైతే.

ఈ నియమమునకు ఒక మినహాయింపు సైన్యము. యుద్ధవిద్యలో మొదటి శిక్షణతో పని ముగియదని సేనానులు చాల కాలము క్రిందటనే గ్రహించిరి. ఇంగ్లండులోని కేంబర్లీలో 1858లో స్టాఫు కాలేజీ వెలసినది. అవిభక్త భారతదేశమున క్వెట్టాలో 1907 నుండి అట్టిదే నడచినది. దేశము చీలిన పిదప మనకు నీలగిరులలోని వెల్లింగ్టనులో మరియొకటి ఏర్పడినది. అక్కడికి వచ్చువారు క్రొత్తవారు కారు. పది పండ్రెండేండ్లు కొలువు చేసి, ఒక దళమును నడపుట తెలిసి, ఇక పలుదళములను కలిపి నడపవలసిన స్థితికి వచ్చినవారు. పదాతిదళమువాడు ఫిరంగిదళమువాని కష్టము నెరుగును; ఫిరంగిదళమువాడు సరఫరాశాఖవాని చిక్కు నెరుగును. స్టాఫు కాలేజీ అను మాటలోని అసలు భావ మిదియే.

రెండవ ప్రపంచయుద్ధము చివరి దినములలో ఇంగ్లండున కొందరు పారిశ్రామికులు, ప్రభుత్వోద్యోగులు ఈ భావమును సైన్యము నుండి ఎరువు తెచ్చుకొనిరి. యుద్ధకాలమున ఫ్యాక్టరీ యజమాని, మంత్రిత్వశాఖ కార్యదర్శి, కార్మికసంఘ నాయకుడు ఒకే బల్ల చుట్టు కూర్చుండి పనిచేయవలసి వచ్చెను. ఒకరి భాష ఒకరికి బోధపడక పడిన యిబ్బందులు అందరికిని గుర్తున్నవి. యుద్ధము ముగిసిన పిదప బొగ్గుగనులు, రైళ్లు ప్రభుత్వపరమగుచుండెను. ఆ బల్ల మరల అవసరమగునని వారికి తోచినది. 1945లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ స్థాపితమైనది. థేమ్సు నది ఒడ్డున హెన్లీ పట్టణము చెంత గ్రీన్‌లాండ్సు అను పెద్ద భవనము దానికి దొరకినది. పుస్తకముల వ్యాపారమున పేరొందిన స్మిత్ కుటుంబమువారు పూర్వము నివసించిన గృహ మది. 1948లో మొదటి తరగతి జరిగినది. మొదటి ప్రిన్సిపాలు నోయెల్ హాల్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు.

హెన్లీలో ఆ దినములలో పాఠము చెప్పు పద్ధతి విచిత్రముగ నుండెను. ఒక్కమాటలో చెప్పవలెనన్న, అక్కడ పాఠము చెప్పెడివారు కారు. వచ్చిన అరువదిమందిని ఆరు కూటములుగా విభజించుచుండిరి. ఒక్కొక్క కూటమునకు సిండికేటు అని పేరు. ప్రతి సిండికేటులోను ఒక సివిలు ఉద్యోగి, ఒక బ్యాంకరు, ఒక ఇంజనీరు, ఒక వ్యాపారసంస్థవాడు, ఒక పురపాలకసంఘపు అధికారి, ఇట్లు వేరు వేరు రంగములవారు పదిమంది యుండెడివారు. ఒకే వృత్తివారిని ఒకచోట చేర్చకుండుట ముఖ్యనియమము. వారికి ఒక సమస్య నిచ్చుచుండిరి. కొన్ని దినములలో చదివి, చర్చించి, నివేదిక వ్రాసి, తక్కిన సిండికేటుల యెదుట సమర్థించుకొనవలసి యుండెను. ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క సభ్యుడు అధ్యక్షుడగుచుండెను. నిన్న అధ్యక్షత వహించినవాడు నేడు సామాన్యసభ్యుడై, తన కంటె చిన్నవాని మాటకు కట్టుబడవలసి యుండెను. కళాశాల సిబ్బంది ప్రక్కన కూర్చుండి వినుచుండిరే గాని తీర్పు చెప్పెడివారు కారు. పరీక్షలు లేకుండెను. మార్కులు లేకుండెను. మూడు నెలలు గడచినంతనే ఎవరి యింటికి వారు పోవుచుండిరి.

చదువరులకు ఇది తీరిక గలవారి విలాసమువలె తోచవచ్చును. నిజమునకు ఇందులో ఒక కఠినమైన శిక్షణ కలదు. తన కార్యాలయములో పెద్ద అధికారి మాటాడినప్పుడు ఎదురు చెప్పువా డుండడు. పదేండ్లుగా తన వాదము నెవరును కాదనకపోవుటచే అది సత్యమేయని ఆయనకు నమ్మిక కుదిరియుండును. సిండికేటులో ఆయన గుమాస్తాలు లేరు. బంట్రోతు లేడు. ప్రక్కనున్న మిల్లు మేనేజరుకు ఆయన ప్రమోషను నివ్వలేడు, బదిలీ చేయలేడు. కనుక మిల్లు మేనేజరు నిర్భయముగా "మీ శాఖలో కాగితము ఆరు బల్లలు దాటవలసిన పని యేమి?" అని యడుగును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనలేక పడిన యిరకాటమే ఆ కళాశాల యిచ్చుచుండిన విద్య.

స్వతంత్ర భారతమున ఇట్టి సంస్థ యొకటి కావలెనని 1950 తరువాతి సంవత్సరములలో ఢిల్లీయందు ఆలోచన సాగినది. రెండవ పంచవర్ష ప్రణాళిక 1956లో ఆరంభమగుచుండెను. ఉక్కు కర్మాగారములు, ఎరువుల ఫ్యాక్టరీలు ప్రభుత్వమే నిర్మింపబూనినది. వాటిని నడపుటకు దొరకినవారు ఎవరు? జిల్లా కలెక్టర్లు, రైల్వే అధికారులు, సైన్యమునుండి వచ్చిన ఇంజనీర్లు. శాంతిభద్రతలు కాపాడుట తెలిసినవానికి ఉక్కు అమ్ముట తెలియదు. మరొకవైపు ప్రైవేటు కంపెనీల మేనేజర్లకు ప్రభుత్వమన్న లైసెన్సు కాగితముపై సంతకము చేయనిరాకరించు ఒక అజ్ఞాతశక్తి. ఇరుపక్షములును ఒకే దేశమున, ఒకే ప్రణాళికకై, ఒకరి నొకరు అనుమానించుచు పనిచేయవలసిన కాలము. ఈ పరిస్థితిలో కేంద్రప్రభుత్వమును పరిశ్రమలవారును కలిసి 1956లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా అను స్వతంత్రసంస్థను స్థాపించి, హెన్లీ మాదిరినే అనుసరింప నిశ్చయించిరి. స్థానముగా ఎన్నుకొన్నది ఢిల్లీ కాదు, బొంబాయి కాదు, హైదరాబాదు.

ఆ యెంపిక సముచితమే. ఢిల్లీలో నున్నచో సభ్యుడైన అధికారి ప్రతి సాయంకాలమును తన కార్యాలయమునకు పోయి ఫైళ్లు చూచుకొనును. బొంబాయిలో నున్నచో వర్తకుడు మార్కెటు ధరలు కనుగొనుచుండును. హైదరాబాదు ఇరువురికిని దూరము. పైగా అచ్చట ఒక రాజభవనము సిద్ధముగా నున్నది. ఏడవ నిజాము జ్యేష్ఠకుమారుడు, బీరారు యువరాజు అను బిరుదము గల ఆజం జా నివసించిన బెల్లావిస్టా అది. ఇటలీ భాషలో ఆ పేరునకు సుందరదృశ్యమని యర్థము. మేడపైనుండి చూచిన హుసేనుసాగరము కనబడుచుండెను గనుక ఆ పేరు తగియున్నది. టర్కీ కడపటి ఖలీఫా కుమార్తె దుర్రు షెహ్వారు కోడలై వచ్చి నివసించినది ఈ ఇంటనే. 1948లో నిజాము రాజ్యము భారతదేశమున చేరినది. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు ఆంధ్రప్రదేశమునకు రాజధానియైనది. యువరాజుల విందుశాలలలో సిండికేటు బల్లలు వెలసినవి. రాచరికపు ఇండ్లకు మన దేశమున ఎన్నియో గతులు పట్టినవి. హోటళ్లైనవి, కచ్చేరీలైనవి, కొన్ని కూలినవి. బెల్లావిస్టాకు పట్టిన గతి వానిలో మేలైనదని నా యభిప్రాయము.

మొదటి ప్రిన్సిపాలుగా వచ్చినవాడు జనరల్ సత్యవంత్ మల్లన్న శ్రీనగేశు. 1955 నుండి 1957 వరకు భారతసైన్యమునకు అధిపతిగా నుండి, విరమించిన వెంటనే ఈ పదవిని స్వీకరించెను. స్టాఫు కాలేజీ అను భావము సైన్యమున పుట్టి, ఇంగ్లండున పౌరజీవనమునకు చేరి, మన దేశమునకు వచ్చునప్పటికి మరల ఒక సేనాని చేతికే దొరకుట గమనింపదగినది. శ్రీనగేశు 1959లో అస్సాము గవర్నరుగా వెడలిపోయెను. 1962లో ఆంధ్రప్రదేశమునకే గవర్నరై తిరిగివచ్చెను. అప్పుడాయన నివసించిన రాజభవనము బెల్లావిస్టాకు కూతవేటు దూరము.

బెల్లావిస్టాలో ప్రైవేటు పరిశ్రమ, ప్రభుత్వ పరిశ్రమ, ప్రభుత్వ శాఖలు, మూడింటివారును కలిసి కూర్చుండిరి. ఒకరినొకరు తెలిసికొనిరి, ఇది చిన్న లాభము కాదు. అయినను ఈ పద్ధతిలో మొదటినుండియు ఒక లోపము కలదు. సభ్యుడు ఒంటరిగా వచ్చును, ఒంటరిగా పోవును. మూడు నెలలు సిండికేటులో పదునెక్కిన బుద్ధితో ఆయన తన ఊరికి, తన కార్యాలయమునకు తిరిగిపోవును. అక్కడ అవే బల్లలు, అదే అలవాటు, అదే పైఅధికారి. "కళాశాలలో ఏమి నేర్చితిరి?" అని సహోద్యోగులు నవ్వుచు అడుగుదురు. మొదటి వారము ఆయన ఉత్సాహముగా చెప్పును. రెండవ వారమున ఎవరును వినరు. మూడవ నెలకు ఆయనయే మరచును. ఒక్క దీపము వెలిగించి గాలిలో పెట్టిన ఆరిపోవుట సహజము. ఒకే ఊరివారిని, వేరు వేరు వృత్తులవారిని, కలిపి తీసికొనివచ్చి, కలిపి పంపివైచినచో ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము హైదరాబాదులోనే, మరియొక సంస్థలో, కాకినాడ వర్తకుల మూలమున లభించినది.

చిన్న పరిశ్రమల అధికారులకు శిక్షణ నొసగుటకు 1960లో ఢిల్లీయందు కేంద్రప్రభుత్వము ఒక సంస్థను ఏర్పరచి, 1962లో దానిని హైదరాబాదులోని యూసఫుగూడకు తరలించినది. దాని యాంగ్లనామపు మొదటి అక్షరములను బట్టి అందరును దానిని సియెట్ అనుచుండిరి. పేరు పలుమార్లు మారినను ఆ సంస్థ నేటికిని అక్కడనే యున్నది. ఆ కాలమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున డేవిడ్ మెక్లెలాండ్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఒక వాదమును ప్రతిపాదించి ప్రసిద్ధుడై యుండెను. దేశముల ఆర్థికాభివృద్ధికి కారణము గనులు, నదులు, మూలధనము మాత్రమే కాదు. ఒక పనిని మునుపటి కంటె మేలుగా చేయవలెనను తపన ఎందరిలో నున్నదో దానిని బట్టి దేశము పెరుగును, అని 1961లో ప్రకటించిన గ్రంథమున ఆయన వాదించెను. ఆ తపనను మనము సాధనాకాంక్ష యందము. అది పసితనమున తల్లియొడిలో ఏర్పడునని ఆయన మొదట నమ్మెను. నమ్మిన వెంటనే ఒక చిక్కు వచ్చినది: పసితనముననే అంతయు తీరిపోయినచో పెద్దవారికి చేయగలిగిన దేమియు లేదు, బీదదేశము మరియొక తరము పెరుగువరకు వేచియుండవలెను. పెద్దవారికి, అందును వ్యాపారమున తల నెరసినవారికి, ఈ ఆకాంక్షను నేర్పవచ్చునా అని పరీక్షింప నెంచి ఆయన బృందము సియెట్ సంస్థతో చేయి కలిపినది.

పరీక్షకు ఎన్నుకొన్న ఊరు కాకినాడ. 1961 జనాభా లెక్క ప్రకారము లక్షకు పైబడిన జనము గల పట్టణము. ఈ ఊరి చరిత్ర కొంత చెప్పుకొనక తప్పదు. జగన్నాథపురమున ఒకప్పుడు డచ్చివారి వర్తకశాల యుండెను. 1839 నాటి ఉప్పెనలో ప్రక్కనున్న కోరంగి రేవు దెబ్బతినగా, మెల్లమెల్లగా వర్తకము కాకినాడకు చేరినది. ధవళేశ్వరమున ఆనకట్ట 1852కు పూర్తియై డెల్టా పచ్చబడినది. 1860 తరువాత అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండగా ఇంగ్లండు మరలు దూదికై కటకటపడినవి. కాకినాడ రేవునుండి దూదిబేళ్లు ఓడలెక్కినవి. కాని రేవు లోతు లేనిది. ఇసుక మేటలచే ఓడలు కొన్ని మైళ్ల దూరముననే నిలుచుండవలెను; సరకులు పడవలపై పోవలెను. 1933లో విశాఖపట్టణమున లోతైన ఓడరేవు ప్రారంభమైనప్పటినుండి కాకినాడ వెనుకబడజొచ్చినది. ఊరిలో ధనము లేకపోలేదు. గోదావరి వరిచేల ఫలితము, ధాన్యపుమిల్లుల లాభము ఊరిలో తిరుగుచునే యుండెను. తిరిగి తిరిగి పొలముల కొనుగోలునకో, వడ్డీకో, బంగారమునకో చేరుచుండెను. చదువున్నది, కళాశాలయున్నది, ధనమున్నది, కదలిక లేదు. పరిశోధకులకు కావలసినది ఇట్టి పట్టణమే.

1964లో కాకినాడ వర్తకులు, పారిశ్రామికులు విడతలు విడతలుగా యూసఫుగూడకు వచ్చిరి. ఒక్కొక్క తరగతి పది దినములు. అందరును అక్కడనే బస చేయవలెను. కాకినాడనుండి మొత్తము 52 మంది ఈ శిక్షణను పొందిరి. వీరు కుర్రవారు కారు. దుకాణములు, మిల్లులు, సంస్థలు నడపుచు సంసారభారము మోయుచున్నవారు. ఒకే పట్టణమువారైనను ఒకే వ్యాపారమువారు కారు.

వారికి అచ్చట చెప్పినది జమాఖర్చు కాదు, పన్నుల చట్టము కాదు. మొదట కొన్ని బొమ్మలు చూపి, వాటిపై చిన్న చిన్న కథలు వ్రాయుమనిరి. వ్రాసిన కథలను వారిచేతనే పరిశీలింపజేసిరి. బొమ్మలోని మనుష్యుడు ఏమి ఆలోచించుచున్నాడని మీరు వ్రాసితిరి? ఒక పనిని మేలుగా చేయవలెననియా, ఇతరుల మెప్పు పొందవలెననియా, దైవముపై భారము వేసి ఊరకుండవలెననియా? ఎవని కథ వానికి అద్దమైనది. పిదప ఒక ఆట. నేలపై పాతిన కర్రపైకి దూరమునుండి చక్రములు విసరవలెను. ఎంత దూరమున నిలువవలెనో ఎవరికి వారే నిర్ణయించుకొనవలెను. కొందరు కర్ర ప్రక్కనే నిలిచి వేసిరి. అందులో తప్పిపోవుట యుండదు, గెలుపును ఉండదు. కొందరు గది చివర నిలిచి అదృష్టమును నమ్మిరి. తన బలమును అంచనా వేసికొని, తప్పిపోవుటకు వీలున్నను గెలుచుటకు అవకాశమున్న దూరమున నిలుచువాడే మంచి వ్యాపారియని ఆ యాట వారికి ఉపన్యాసము లేకుండ చెప్పినది. జాతరలలో మన పిల్లలు గాజులు విసరు ఆటయే ఇది. దానితో ఇంతటి పాఠము చెప్పవచ్చునని ఎవరికి తోచును?

తక్కిన దినములలో తమలో తాము చర్చించుకొనిరి. ఈ ఆకాంక్ష మన సంప్రదాయమునకు పొసగునా, కుటుంబమునకు పొసగునా, నేనెట్టివాడనని నేననుకొనుచున్నానో దానికి పొసగునా? చివర ప్రతివాడును రాబోవు రెండేండ్లలో తాను చేయదలచినదేమో, అందులో ఎదురగు ఆటంకము లేవో, వానిని దాటు మార్గమేమో కాగితముపై వ్రాయవలెను. అందరును ఒకే ఊరివారు గనుక, ఒకని సంకల్పము తక్కినవారికి తెలిసిపోయెను. ఇందులోనే నేను చెప్పిన దీపము సంగతి దాగియున్నది. ఊరికి పోయిన పిదప మెయిన్ రోడ్డులో ఎదురుపడిన ప్రతిసారియు "ఏమండీ, మీరు పెట్టెదనన్న మర ఎంతవరకు వచ్చినది?" అని అడుగువారు ఉందురు. బెల్లావిస్టానుండి తిరిగిపోయిన అధికారికి ఆ ప్రశ్న వేయువారు లేరు.

ఫలితమును తూచుటకు పరిశోధకులు పకడ్బందీగా ఏర్పాటు చేసికొనిరి. శిక్షణకు దరఖాస్తు పెట్టి చోటు దొరకని కాకినాడవారినే కొందరిని ప్రక్క లెక్కకు ఉంచుకొనిరి. దానితో తృప్తిపడక రాజమహేంద్రవరపు వర్తకులను కూడ పోలికకు తీసికొనిరి. ఇంచుమించు అంతే జనాభా, అదే గోదావరి నీరు, అవే పంటలు. ఆదికవి నన్నయ నాటినుండి పేరొందిన రాజమహేంద్రవరము ఈ కథలో ఏమియు జరుగని ఊరుగా నిలువవలసి వచ్చెను. తమిళనాటి వేలూరునుండియు కొందరికి శిక్షణ నిచ్చిరి. రెండేండ్లు గడచిన పిదప ఇంటింటికి పోయి లెక్కలు తీసిరి: ఎవరు క్రొత్త వ్యాపారము మొదలిడిరి, ఎవరు పెట్టుబడి పెంచిరి, ఎందరికి క్రొత్తగా పని కల్పించిరి అని.

శిక్షణకు ముందు రెండేండ్లలో ఆ వర్తకులలో చురుకుగా నున్నవారని చెప్పదగినవారు ఐదవవంతు కంటె తక్కువ. శిక్షణ తరువాత రెండేండ్లలో ఇంచుమించు సగము మంది. శిక్షణ పొందనివారిలో అప్పుడును ఇప్పుడును నాలుగవవంతునకు అటునిటు. పెట్టుబడి విషయమునను, క్రొత్త కొలువుల విషయమునను ఇదే తీరు. రేడియోల దుకాణము నడపుచుండిన ఒకరు రంగులు, వార్నీషు తయారుచేయు పనికి పూనుకొనిన సంగతి మెక్లెలాండ్ తన రచనలో ఉదాహరించినాడు. రేడియో గలవారి కుటుంబములకు ఈ పత్రికలో ఆ మాట చెప్పకుండ విడుచుట న్యాయము కాదు. మెక్లెలాండ్, ఆయన సహచరుడు డేవిడ్ వింటర్ కలిసి 1969లో ప్రకటించిన గ్రంథమున ఈ వివరములన్నియు కలవు. కాకినాడ పేరు ప్రపంచమందలి మనస్తత్వశాస్త్ర విద్యార్థుల నోళ్లకెక్కినది. ఊరివారిలో ఎందరికో నేటికిని ఆ సంగతి తెలియదు.

ఆ గ్రంథమునందలి రెండు విషయములు నాకు ఫలితపు అంకెల కంటె ముఖ్యముగ తోచినవి. మొదటిది ఆచారముల సంగతి. కులపు కట్టుబాట్లు, పూజలు, ముహూర్తములు పాటించు హిందూ వర్తకుడు ఆధునిక వ్యాపారి కాజాలడని పాశ్చాత్యులలో పలువురు వ్రాయుచుండిన కాలమది. కాకినాడవారి విషయమున ఆ నమ్మకములకును, శిక్షణ ఫలించుటకును సంబంధ మేమియు కనబడలేదు. శనివారము ఉపవాసమున్నవాడును, ఉండనివాడును సమానముగనే మారిరి, లేదా సమానముగనే మారలేదు. పంచాంగము చూచి మంచి దినమున మర ప్రతిష్ఠించిననేమి, మర తిరిగినచో చాలును గదా!

రెండవది మరింత గట్టి విషయము. శిక్షణ ఫలించినది ఎవరికి? తన సంస్థలో నిర్ణయము చేయు అధికారము తన చేతిలో నున్నవారికి. ఎవరి చేతిలో అధికారము లేదో, వారిలో ఆకాంక్ష రగిలినను పనిలో మార్పు కనబడలేదు. మన ఉమ్మడి కుటుంబముల నెరిగినవారికి ఇందలి బాధ సులభముగ బోధపడును. దుకాణము తండ్రిగారిది, లేదా పెద్దన్నగారిది. ఇనుపపెట్టె తాళముచెవులు వారి మొలలో నుండును. పది దినములు హైదరాబాదులో ఉండి, గుండెలో క్రొత్త ఊపిరితో తిరిగివచ్చిన తమ్ముడు తన సంకల్పపత్రమును చూపినచో, "ఈ సంవత్సరము పంట చూచి ఆలోచింతములే" అనునదే సమాధానము. ఆ మాట వెనుక పెద్దవారి దురుద్దేశ మేమియు లేకపోవచ్చును. కాని వ్రాసికొన్న రెండేండ్లును ఆ పంటల క్రిందనే గడచిపోవును. నాయకత్వశిక్షణ యన్న పేరుతో ఎన్ని తరగతులు నడపినను, తిరిగిపోయిన చోట తాళము ఎవరి చేతిలో నున్నదో చూడనివాడు శిక్షణకు ఖర్చు చేసిన ధనమును సముద్రములో వేసినట్లే.

విమర్శ లేకపోలేదు. లెక్క తీసినది రెండేండ్లకు మాత్రమే. ఇరువది యేండ్ల కథ అందులో లేదు. వచ్చినవారందరును పురుషులు, ఇంటి వెనుక మిల్లు జమాఖర్చులు చూచు ఆడువారిని ఎవరును పిలువలేదు. ఉన్నవారికే మరికొంత కలుగజేసిన విద్య యిదియని అన్నవారు కలరు. ఆ మాటలో కొంత న్యాయమున్నది. అయితే ఆ వర్తకులు పెట్టుబడి పెంచినందున క్రొత్తగా జీతములందుకొన్నవారు ధనవంతులు కారు గదా. మనస్సును మార్చు పద్ధతి యనగా కొందరికి భయము. ఇందు మంత్రతంత్రము లేమియు లేవు, తన కథను తాను చదువుకొనుట తప్ప.

ఈ పద్ధతి పిదప పోయిన దారి చిత్రమైనది. 1970లో గుజరాతు రాష్ట్రమువారు దీనిని తీసికొని పెద్దయెత్తున తరగతులు నడపిరి. 1983లో అహమ్మదాబాదున దీనికై ఒక జాతీయసంస్థయే వెలసినది. కాని అక్కడ పిలిచినది అనుభవజ్ఞులను కాదు. వ్యాపారము ఇంకను మొదలుపెట్టనివారిని. ప్రభుత్వములకు క్రొత్తవారిని లెక్కపెట్టుట తేలిక. ఇన్ని వేలమందికి శిక్షణ నిచ్చితిమని చెప్పుకొనవచ్చును. ఇరువది యేండ్లుగా దుకాణము నడపుచున్నవాడు రెండవ యంతస్తు కట్టెనా లేదా యన్నది ఎవరి నివేదికలోను చేరదు. ఒకే పట్టణమున యాబదిమంది పెద్దలను కలిపి తీసికొనివచ్చి, కలిపి పంపి, రెండేండ్ల తరువాత గుమ్మము తట్టి అడుగు ఓపిక మరల మన తెలుగుదేశమున ఎవరికిని కలిగినట్లు కనబడదు.

బెల్లావిస్టాలో తరగతులు ఇప్పటికిని నడచుచున్నవి. మూడు నెలల విడిది పోయి, కొలది దినముల కార్యక్రమములు వచ్చినవి, ఎందుకనగా అన్ని నెలలు పెద్ద అధికారిని విడిచియుండుటకు ఏ కార్యాలయమును ఒప్పుకొనదు. కాకినాడలో 1997 నుండి లోతైన ఓడరేవు పనిచేయుచున్నది. ఓడలిప్పుడు గట్టునకే వచ్చి ఆగుచున్నవి. 1964లో యూసఫుగూడకు రైలెక్కి వచ్చిన 52 మంది దానికై మరి ముప్పది మూడేండ్లు వేచియుండవలసి వచ్చెను. వారిలో సగము మంది మాత్రము ఓడ గట్టునకు వచ్చువరకు ఆగలేదు.